అమ్మాయిని గర్ల్స్ కేటగిరీల ఆడిపియ్యాల్నా, ఓపెన్‌లనా? (హనుమకొండ)

నయీంనగర్64:

మా పాప అండర్-13ల చెస్ ఆడుతది. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) క్లాసికల్ రేటింగ్, అంటే నిదానంగ ఆడే పొడుగు గేముల రేటింగ్, 1540. జిల్లా సెలక్షన్ నోటీసు వచ్చింది. ఓపెన్, గర్ల్స్ అని రెండు సెక్షన్లు, ఒక్కదాంట్లనే పేరియ్యాలె. గర్ల్స్‌ల పోయినేడు ఎనిమిది మందే ఉన్నరు, ఓపెన్‌ల నలభై దాటిన్రు. కోచ్ సారేమో ఓపెన్‌లనే ఇయ్యమంటున్నడు. ఇంట్లోళ్లేమో గర్ల్స్‌ల ఆడితే స్టేట్‌కు పోవుడు ఖాయం, సర్టిఫికెట్ చేతికొస్తది గదా అంటున్నరు. ఏది నయం?

ఇంకోటి. చెస్‌ల కండబలంతోటి పని లేదు. మరి ఆడోళ్లకు వేరే ఛాంపియన్‌షిప్, వేరే టైటిళ్లు ఎందుకు పెట్టిన్రు? అర్జున్ ఎరిగైసి అన్న ఓపెన్‌ల ఆడుతడు, కోనేరు హంపి అక్క ఉమెన్‌ల ఆడుతది, ఎందుకట్ల అని పాప అడుగుతున్నది. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి.

టైబ్రేక్, కరీంనగర్:

అక్కా, ముందుగాల ఒక సంగతి. ఓపెన్ అంటే బాయ్స్ కాదు. పేరుకు తగ్గట్టు అది అందరిది, ఆడపిల్లలు ఆడొచ్చు. గర్ల్స్ సెక్షన్‌ల మాత్రం అబ్బాయిలు ఆడరాదు. అంటే మీ పాపకు రెండు తలుపులున్నయి, పక్కింటి పిలగానికి ఒక్కటే. ఆ రెండోది ఎప్పుడు వాడుకోవాలె అన్నదే లెక్క. ఈ టోర్నమెంట్ల గర్ల్స్‌ల ఆడినంత మాత్రాన వచ్చే నెల రేటింగ్ టోర్నమెంట్ ఓపెన్‌ల ఆడొద్దని ఏం లేదు. దేని ఎంట్రీ దానిదే.

జిల్లా సెలక్షన్‌కయితే గర్ల్స్‌లనే పేరియ్యున్రి. ఆడ కావాల్సింది స్టేట్‌కు పోయే సీటు, రేటింగ్ కాదు. జిల్లా సెలక్షన్లు చానసార్లు ర్యాపిడ్‌ల (తక్కువ టైం గేములు) పెడ్తరు, రేటింగ్‌కు పంపరు. నలభై మందిల ఐదో స్థానం వస్తే మెచ్చుకుంటరు గని సీటు రాదు.

అయితే ఎనిమిది మందే గదా, ఖాయం అని మాత్రం అనుకోవద్దు. తక్కువ మంది ఉన్నకాడ స్విస్ పద్ధతి (ప్రతి రౌండ్‌ల దగ్గరదగ్గర పాయింట్లున్నోళ్లను జతచేసుడు) పెడితే తిప్పలు. ఎనిమిది మందికి ఐదు రౌండ్లు అనుకోండి. పెద్ద సీడ్లు (రేటింగ్ ఎక్కువున్నోళ్లు) ఇద్దరు మొదటి రెండు రౌండ్లు గెలిస్తే మూడో రౌండ్‌లనే ఎదురుపడ్తరు. ఆడ ఓడిన పిల్ల మిగిలిన రెండు గెలిచినా నాలుగు పాయింట్లు. ఇంకో పిల్ల గూడ నాలుగుకు వచ్చిందంటే రెండో సీటు బుఖోల్జ్ మీద తేల్తది. బుఖోల్జ్ అంటే మీ పాపతోటి ఆడినోళ్లు మొత్తం ఎన్ని పాయింట్లు చేసిన్రు అన్న కూడిక. మీ పాప మొదటి రౌండ్‌ల ఓడగొట్టిన పిల్ల తర్వాత అన్నీ ఓడిపోయినా దెబ్బ మీకే. అందుకని పేర్లు ఎనిమిది, పది లోపల ఉంటే రౌండ్ రాబిన్ (అందరు అందరితోటి ఆడుడు) పెట్టమని ఆర్గనైజర్‌ను అడగండి. ఎనిమిది మందికి ఏడు రౌండ్లు, ర్యాపిడ్ అయితే ఒక్క రోజుల అయిపోతది. అడిగేది మొదటి రౌండ్ పేరింగ్ వెయ్యకముందే. ఒక రౌండ్ అయినంక ఏ చీఫ్ ఆర్బిటర్ పద్ధతి మార్చడు.

ఇగ రేటింగ్ సంగతి. 18 నిండే సంవత్సరం ఆఖరి దాక, రేటింగ్ 2300 దాటనంత వరకు, పిల్లలకు కే విలువ (ఆశించిన స్కోరుకు, చేసిన స్కోరుకు తేడాను రేటింగ్ పాయింట్లుగ మార్చే గుణకం) 40. పెద్దోళ్లకు 20, ఒకసారి 2400 దాటినోళ్లకు 10. మీ పాప సగటున 1440 ఉన్న అమ్మాయిలతోటి తొమ్మిది గేములు ఆడిందనుకోండి. 100 తేడాకు ఫిడే పట్టికల ఆశించే స్కోరు గేముకు 0.64, తొమ్మిదింటికి 5.76. పాప ఐదున్నర చేసింది, మంచిగనే ఆడినట్టు. కానీ 0.26 తక్కువాయె, 40తోటి గుణిస్తే పది పాయింట్లు పోయినయి. అదే సగటున 1740 ఉన్న ఓపెన్‌ల ఆడితే 200 తేడాకు ఆశించేది గేముకు 0.24, తొమ్మిదింటికి 2.16. ఆడ మూడున్నర చేసినా, అంటే సగం గేములు గూడ గెలవకున్నా, 1.34 ఎక్కువ. 53 పాయింట్లు పైకి. ఒకటిన్నరే చేస్తే 26 పోతయి, అది గూడ లెక్కల పెట్టుకోండి. ఫిడే అసలు లెక్క గేము గేముకు చేస్తది, నేను సగటు మీద చెప్పిన. తేడా ఎక్కువేం రాదు.

గర్ల్స్ సెక్షన్‌ల ఇంకో ఇబ్బంది ఉన్నది, అది చానమందికి లిస్టు వచ్చినంకనే తెలుస్తది. రేటింగ్ లేని పిల్లల మీద గెలిస్తే టోర్నమెంట్‌ల పాయింట్ వస్తది, రేటింగ్‌ల ఏమీ రాదు. ఏడు రౌండ్లల నలుగురు అన్‌రేటెడ్ తగిలితే ఆమెకు లెక్కకొచ్చేవి మూడు గేములే. మూడింట్ల ఒకటి పోయి, ఇంకోటి డ్రా అయినా కిందికే.

కాజీపేట ఈ4:

టైబ్రేక్ సార్ లెక్క బాగుంది. నేను రెండో ప్రశ్నకు జవాబు చెప్తాను, కొంచెం ఘాటుగానే.

ఉమెన్ టైటిళ్ల గీతలు ఎక్కడ గీశారో చూడండి. జీఎం (గ్రాండ్‌మాస్టర్)కు రేటింగ్ 2500 చేరాలి, 2600 స్థాయి ప్రదర్శనతో నార్మ్‌లు (టైటిల్‌కు లెక్కకొచ్చే టోర్నమెంట్ ఫలితాలు) తేవాలి. ఐఎం (ఇంటర్నేషనల్ మాస్టర్)కు 2400 రేటింగ్, నార్మ్‌కు 2450. ఎఫ్‌ఎం (ఫిడే మాస్టర్)కు 2300, నార్మ్ అక్కర్లేదు. ఇప్పుడు డబ్ల్యూజీఎం (ఉమెన్ గ్రాండ్‌మాస్టర్) చూడండి: రేటింగ్ 2300, నార్మ్ ప్రదర్శన 2400. అంటే పేరులో గ్రాండ్‌మాస్టర్ అని ఉన్నా రేటింగ్ గీత ఎఫ్‌ఎంది, నార్మ్ ఐఎం కన్నా తక్కువ. డబ్ల్యూఐఎంకు 2200, డబ్ల్యూఎఫ్‌ఎంకు 2100, డబ్ల్యూసీఎంకు 2000. ప్రతి మెట్టూ 200 కింద. నీకు ఇంత చాలు అని ఫెడరేషనే రాసి పెట్టినట్టు కాదా ఇది? పన్నెండేళ్ల పిల్ల 2100ను గమ్యం అనుకుంటే 2100 దగ్గరే ఆగుతుంది.

ఆగని వాళ్లు ఎట్లా ఆడారో కూడా చూడండి. హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ ఉమెన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఒక్కసారీ ఆడలేదు. 1988లో వరల్డ్ అండర్-12 బాయ్స్ గెలిచింది. 1991లో 15 ఏళ్ల 4 నెలలకు జీఎం అయి బాబీ ఫిషర్ రికార్డు తుడిచేసింది. 2735కు చేరింది, 2002లో ర్యాపిడ్‌లో కాస్పరోవ్‌ను ఓడించింది. 2700 దాటిన మహిళ ఈ రోజుకూ ఆమె ఒక్కతే. చైనాకు చెందిన హౌ యీఫాన్ 2686 దాకా వెళ్లి ఉమెన్ ఛాంపియన్‌షిప్ సైకిల్ (టైటిల్ మ్యాచ్ దాకా సాగే టోర్నమెంట్ల వరుస) నుంచి తనంతట తానే తప్పుకుంది. 2017 జిబ్రాల్టర్‌లో పది రౌండ్లలో ఏడుసార్లు ఆడవాళ్లతోనే పేరింగ్ పడిందని చివరి గేమ్ ఐదు ఎత్తులకే వదిలేసి నిరసన చెప్పింది. బలంగా ఉన్నవాళ్లకు ఆ గది ఇరుకే.

పాపను గర్ల్స్‌లో అలవాటు చేయకండి మేడం. జిల్లాలో కూడా ఓపెన్ ఇవ్వండి, ఓడితే ఓడనివ్వండి.

పోచమ్మమైదాన్ పాఠకురాలు:

కాజీపేట తమ్మీ, జుడిత్ పేరు చెప్పిన ప్రతి చర్చలో ఆమె అక్క సూసన్ పేరు తప్పిపోతుంది. సూసన్ 1996లో ఉమెన్ వరల్డ్ ఛాంపియన్. అంతకు పదేళ్ల ముందు, 1986లో, ఆమె అప్పటి 'మెన్' ఛాంపియన్‌షిప్ సైకిల్‌కు అర్హత సాధిస్తే ఆడనివ్వలేదు. ఆ తర్వాతే రూల్ మారింది. అంటే ఈ ఓపెన్ అనే తలుపు ఎప్పుడూ తెరిచి ఉన్నది కాదు. ఆడవాళ్లకు వేరే ఛాంపియన్‌షిప్ 1927లో లండన్‌లో మొదలైంది, మొదటి విజేత వెరా మెన్చిక్. ఆమె మగవాళ్ల టోర్నమెంట్లలోనూ ఆడేది, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన మాక్స్ యూవేను కూడా ఓడించింది. నోనా గాప్రిందాష్విలి 1962 నుంచి 1978 దాకా ఉమెన్ ఛాంపియన్‌గా ఉండి, 1978లో పూర్తి జీఎం టైటిల్ అందుకున్న మొదటి మహిళ అయింది. ఈ ఇద్దరూ అటూ ఇటూ రెండూ ఆడారు.

మన హంపిని చూడు. 1997లో వరల్డ్ అండర్-10 గర్ల్స్, 1998లో అండర్-12 గర్ల్స్ గెలిచింది. 1999లో అహ్మదాబాద్‌లో ఏషియన్ అండర్-12 అబ్బాయిలతో కలిసి ఆడి గెలిచింది. 2001లో వరల్డ్ జూనియర్ గర్ల్స్. మరుసటేడు 15 ఏళ్ల ఒక నెలకు జీఎం, జుడిత్ రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. ఇందులో గర్ల్స్ ఏది అడ్డమొచ్చింది? 2019లో, మళ్లీ 2024లో వరల్డ్ ర్యాపిడ్ ఉమెన్ టైటిల్ గెలిచింది. 2600 దాటింది కూడా. హారిక 2011లో పూర్తి జీఎం, ఆ తర్వాత ఉమెన్ వరల్డ్‌లో మూడు కాంస్యాలు.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు. 2024లో గుకేశ్, డింగ్ ఆడిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కు ప్రైజ్ ఫండ్ 25 లక్షల డాలర్లు. 2025లో జు వెన్జున్, తాన్ జోంగ్యీ ఉమెన్ మ్యాచ్‌కు 5 లక్షల యూరోలు. ఇది అన్యాయమే, నేను కాదనను. కానీ ఉమెన్ సైకిల్ ఎత్తేస్తే ఆ 5 లక్షలు ఓపెన్‌లో కలిసి ఆడవాళ్లకు రావు, మొత్తానికే పోతాయి. 2500 ఉన్న అబ్బాయి ఆటతో ఇల్లు గడపడం కష్టం, కోచింగ్ చెప్పుకోవాల్సిందే. 2500 ఉన్న అమ్మాయి ఉమెన్ వరల్డ్ కప్, గ్రాండ్ ప్రీ, ఒలింపియాడ్ జట్టు వల్ల ఆటగత్తెగా బతకగలదు. ఉద్యోగాల దగ్గర కూడా అంతే, హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగి. నార్వే చెస్ 2024 నుంచి ఉమెన్ టోర్నమెంట్‌కు ఓపెన్‌తో సమానంగా ప్రైజ్ ఇస్తోంది. పోరాడాల్సింది దాని కోసం.

ఇక ఆడవాళ్లు తక్కువ ఆడతారా అన్న గొడవ. 2009లో జర్మనీ రేటింగ్ లిస్టు మీద ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ ఆడే ప్రతి ఆడమనిషికి పదహారు మంది మగవాళ్లు. పై వంద మంది మగవాళ్లను, పై వంద మంది ఆడవాళ్లను పక్కపక్కన పెడితే కనిపించే తేడాలో 96 శాతం కేవలం ఈ సంఖ్య వల్లే వస్తుందని తేల్చారు. ఎక్కువమంది ఆడే వైపు శిఖరం ఎత్తుగానే ఉంటుంది. ఆ లెక్కకు వాడిన పద్ధతిని తర్వాత వేరేవాళ్లు తప్పుపట్టారు, కాబట్టి 96 అనే అంకెను పట్టుకుని వేలాడకూడదు. కానీ మీ జిల్లా నోటీసులోనే ఎనిమిదీ నలభై ఉన్నాయి కదా! ఆ నలభైలోంచి వచ్చే మొదటి పిల్లవాడు ఎనిమిదిలోంచి వచ్చే మొదటి పిల్ల కన్నా పైన ఉండడానికి మెదడు గురించి మాట్లాడనక్కర్లేదు.

ఇంకో రెండు పరిశోధనలున్నాయి, ఒకదానికొకటి పొసగవు. 2008లో 42 జంటలను ఆన్‌లైన్‌లో ఆడిస్తే, ఎదుటివాడు మగవాడని తెలిసినప్పుడు ఆడవాళ్ల స్కోరు సగానికి పడిపోయింది. తెలియనప్పుడు తేడా లేదు. 2018లో ఒకాయన 55 లక్షల అసలు టోర్నమెంట్ గేములు తీసి చూస్తే ఆడవాళ్లు మగవాళ్ల మీద రేటింగ్ ప్రకారం రావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే స్కోరు చేశారు. నాకు రెండోదాని మీద నమ్మకం ఎక్కువ. టోర్నమెంట్ హాల్లో ఆడిన ఆట అది.

కాజీపేట ఈ4:

అక్కా, సైకిల్ ఉండాలి అన్నంత వరకు సరే, డబ్బు మాట కాదనలేను. టైటిల్ సంగతి చెప్పండి. 2025 జులైలో బతూమీలో ఉమెన్ వరల్డ్ కప్ గెలిచినందుకు దివ్యా దేశ్‌ముఖ్‌కు నేరుగా పూర్తి జీఎం ఇచ్చారు. రేటింగ్ 2463, చేతిలో ఒక్క జీఎం నార్మ్ కూడా లేదు. అబ్బాయిలు మూడు నార్మ్‌లకు మూడు దేశాలు తిరుగుతారు. ఇది అడ్డదారి కాదా?

పోచమ్మమైదాన్ పాఠకురాలు:

వరల్డ్ జూనియర్ ఓపెన్ గెలిచిన కుర్రాడికి కూడా నార్మ్‌లు లేకుండా నేరుగా జీఎం ఇస్తారు. ఖండ స్థాయి ఛాంపియన్‌కు కూడా. దాన్ని ఎవరూ అడ్డదారి అనరు. బతూమీ ఫైనల్‌లో ఎదుట కూర్చున్నది హంపి, అది కూడా టైబ్రేక్ దాకా వెళ్లింది. ఆ సెప్టెంబర్‌లోనే సమర్‌కండ్ గ్రాండ్ స్విస్‌లో దివ్య ఉమెన్‌ను వదిలి ఓపెన్‌లో ఆడింది, వైశాలి ఉమెన్‌లో ఆడి గెలిచి క్యాండిడేట్స్‌కు (ఛాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే టోర్నమెంట్) వెళ్లింది. ఒకే ఊరు, ఒకే హాలు, ఇద్దరికీ రెండు వేర్వేరు అవసరాలు.

టైటిళ్ల గురించి మాత్రం నీ మాటలో సగం ఒప్పుకుంటా. డబ్ల్యూసీఎం, డబ్ల్యూఎఫ్‌ఎం ఎత్తేసినా పెద్దగా ఎవరూ ఏడవరు. డబ్ల్యూజీఎం వేరు. ఓపెన్ టోర్నమెంట్లలో ఎంట్రీ ఫీజు మాఫీ, బస ఇచ్చే చోట ఆ టైటిల్ చూసే ఇస్తారు. అది లేకపోతే 2300 అమ్మాయి తల్లిదండ్రులు ఇంకో ఏడాది ఖర్చు భరించలేక ఆపేస్తారు.

టైబ్రేక్, కరీంనగర్:

ఒక్కటి కలుపుతా. అమ్మాయిలు అమ్మాయిలతోటే ఆడుకుంటే ఏమైతదో ఫిడేనే ఒకసారి చూపెట్టింది. 1987 జనవరి లిస్టుల ఆడుతున్న మహిళలందరికీ ఉత్తగనే 100 పాయింట్లు కలిపిన్రు, ఒక్క సూసన్ పోల్గార్‌కు తప్ప. వాళ్లంత వాళ్లలో వాళ్లే ఆడుకుంటున్నరు గాబట్టి రేటింగ్‌లు మగోళ్ల లెక్కతోటి పోలిస్తే కింద ఉన్నయి, సూసన్ మగోళ్లతోటి ఆడుతది గాబట్టి ఆమెది సరిగ్గనే ఉన్నది అన్నరు. దాంతోటి మహిళల్ల ఆమె మొదటి ర్యాంకు పాయె. మంది తక్కువున్న గుంపుల తిరిగే పాయింట్లు బయటి నుంచి రావు. మీ జిల్లా గర్ల్స్ సెక్షన్‌ల గూడ జరిగేది అదే.

నయీంనగర్64:

అందరికీ నమస్తే. సెలక్షన్‌కు గర్ల్స్‌లనే ఇస్తం. మరి మిగిలిన ఏడాదంత ఓపెన్ ఆడిపియ్యాలంటే ఎసొంటి టోర్నమెంట్లు చూసుకోవాలె? మాకు దగ్గర్ల క్లాసికల్ రేటింగ్ టోర్నమెంట్లు తక్కువ, హైదరాబాద్ పోవాలె. ఖర్చు గూడ చూసుకోవాలె. అబ్బాయిల మధ్యన ఆడుతుంటే తొందరతొందరగ ఆడుతది, ఇంటికొచ్చినంక ఏడుస్తది.

మంచిర్యాల పాన్:

మేడం, 1540కి సరిపోయేది అండర్-1800 కేటగిరీ టోర్నమెంట్, లేదా రేటింగ్ పరిమితి లేని మామూలు ఓపెన్. బిలో-1600 అని పెట్టేవి చూడ్డానికి సులువుగా ఉంటాయి, కానీ పైసీడ్లలో మీ పాపే ఉంటుంది, కింద సగం మంది అన్‌రేటెడ్ ఉంటారు. ఎంట్రీ కట్టే ముందు చెస్ రిజల్ట్స్ సైట్‌లో స్టార్టింగ్ ర్యాంక్ లిస్టు తెరిచి చూడండి. మీ పాప పేరు లిస్టులో పై నుంచి మూడింట రెండు వంతుల దగ్గర ఉంటే సరైన టోర్నమెంట్. మొదటి పదిలో ఉంటే అది ప్రైజ్ కోసం ఆడేది, నేర్చుకోవడానికి కాదు. మరీ అడుగున ఉంటే మొదటి రౌండ్ 2100 ఉన్నవాడితో, రెండో రౌండ్ అన్‌రేటెడ్‌తో, మళ్లీ మూడోది పెద్దవాడితో, ఇట్లా కిందికీ మీదికీ ఊగుతుంది. సమవుజ్జీతో ఆడే గేములు చివరి మూడు రౌండ్లలోనే దొరుకుతాయి. 400 కన్నా ఎక్కువ తేడాను 400గానే లెక్కిస్తారు, కాబట్టి 2100 మీద ఓడినా పోయేది మూడు పాయింట్లే. భయపడాల్సిన పని లేదు, లాభమూ పెద్దగా లేదు.

తక్కువ టోర్నమెంట్లు ఉన్నాయని సెలవుల్లో ఒకే నెలలో రెండు మూడు ఆడిస్తుంటారు. అక్కడ ఒక మెలిక. ఒక రేటింగ్ నెలలో ఆడిన గేముల సంఖ్యను కేతో గుణిస్తే 700 దాటకూడదు. కే 40 అంటే 17 గేములు. రెండు తొమ్మిది రౌండ్ల టోర్నమెంట్లు ఒకే నెలలో పడితే 18 గేములు, కే 38 అవుతుంది, నష్టం లేదు. మూడు పడితే 27 గేములు, కే 25కు దిగుతుంది. అలసటతో ఆడిన మూడో టోర్నమెంట్ మొదటి దాని లాభాన్ని కూడా తగ్గిస్తుంది. నెల మారే తేదీ చూసి మూడోది అవతలికి జరపండి.

ఖర్చు సంగతి. తల్లీకూతుళ్లు పోతారు కాబట్టి మహాలక్ష్మి కింద ఎక్స్‌ప్రెస్ బస్సులో హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా జీరో టికెట్. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే పూర్తి చార్జీ. ఇద్దరి ఆధార్ కార్డులు, తెలంగాణ అడ్రస్‌తో, ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. కానీ రోజూ పోయి రావడం అనే ఆలోచన వద్దు. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అనే టైంకంట్రోల్‌లో ఒక గేమ్ నాలుగు గంటలు సాగొచ్చు. రోజుకు రెండు రౌండ్లు అంటే సాయంత్రం ఏడు దాటుతుంది, అక్కడి నుంచి మూడున్నర గంటల బస్సు. మూడో రోజుకు పిల్ల బోర్డు మీదే నిద్రపోతుంది. టోర్నమెంట్లు సగానికి తగ్గించుకోండి, ఆడినన్ని రోజులు హాలు దగ్గరే గది తీసుకోండి. డబ్బు అక్కడ పెట్టాలి.

ప్రాస్పెక్టస్‌లో బెస్ట్ ఉమెన్, బెస్ట్ గర్ల్ ప్రైజుల దగ్గర చిన్న అక్షరాలు చదవండి. ఒకరికి ఒకే ప్రైజ్ అని ఉంటుంది, రెండింటికి అర్హత వస్తే విలువ ఎక్కువది ఇస్తారు. కొన్నిచోట్ల ఆ కేటగిరీలో ఇంతమంది ఆడితేనే ప్రైజ్ అని షరతు పెడతారు. ఎంట్రీ ఫారంలో జెండర్ గడి సరిగ్గా నింపకపోతే ఆ లిస్టులోనే పేరు రాదు, ఆఖరి రోజు అడిగితే ఎవరూ పట్టించుకోరు. మొదటి రౌండ్‌కు ముందే లిస్టులో పేరు పక్కన ఆ గుర్తు ఉందో లేదో చూడండి.

ఇక తొందరగా ఆడడం. దీనికి బుద్ధులు చెప్తే పోదు. స్కోర్‌షీట్ మీద ప్రతి ఐదో ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన నిమిషాలు రాయమనండి, ఫిడే రూల్స్ దానికి ఒప్పుకుంటాయి. ఇంటికొచ్చాక ఆ అంకెలు చూడండి. 20వ ఎత్తుకు 85 నిమిషాలు మిగిలి ఉంటే ఆమె ఆలోచించలేదు, ఎదుటివాడు ఎంత వేగంగా ఆడితే అంత వేగంగా ఆడింది. ఆ వయసు అబ్బాయిలు చాలామంది ఓపెనింగ్ ఎత్తులు టపాటపా కొట్టి గడియారం గట్టిగా నొక్కుతారు. అది బలం కాదు, కంఠస్థం. 12వ ఎత్తు దగ్గర వాడు ఆగే చోట మీ పాపకు 80 నిమిషాలు ఉండాలి, అక్కడి నుంచి అసలు ఆట. గురి ఒకటే పెట్టండి: 25వ ఎత్తుకు గడియారంలో 50 నుంచి 60 నిమిషాలు.

ఓడిన గేమ్‌ను ఆ రాత్రి ఇంజన్‌లో (ఆటను విశ్లేషించే సాఫ్ట్‌వేర్) పెట్టకండి. తెల్లారి, ముందు ఇంజన్ లేకుండా, ఎక్కడ చెడిందో ఆమెనే చెప్పమనండి. ఎక్కువసార్లు చెడేది ఓపెనింగ్‌లో కాదు. ఆ రేటింగ్‌లో గెలిచే రూక్ ఎండింగ్‌ను (చివరికి రాజులు, రూక్‌లు, బంట్లే మిగిలిన ఆట) డ్రా చేసుకోవడం, డ్రా అయ్యేదాన్ని ఓడడం, ఇవే పాయింట్లు తినేస్తాయి. గర్ల్స్ సెక్షన్‌లో బలహీనులను పాతిక ఎత్తుల్లో కొట్టేసే అలవాటు ఉన్న పిల్లకు ఎండింగ్ ఆడే అవకాశమే రాదు, అందుకే ఓపెన్‌లో 45వ ఎత్తు తర్వాత చేతులెత్తేస్తుంది. రూక్ ఎండింగ్‌లో గెలవడం నేర్పే లుసేనా, డ్రా చేయడం నేర్పే ఫిలిడోర్ పొజిషన్లు రెండూ గడియారం పెట్టి, రెండు వైపులా ఆడించండి.

టైబ్రేక్, కరీంనగర్:

పాన్ సార్ చెప్పిన దాంట్ల ఒకటి సరిచూసుకోండి. గడియారం టైము రాసుడు సరే గని, ఎత్తు ఆడకముందే స్కోర్‌షీట్ మీద రాసే అలవాటు పిల్లలకు ఉంటది. అది తప్పు, డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప. మూడుసార్లు అదే పొజిషన్ వస్తున్నదంటే ఎత్తు ఆడొద్దు. షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను పిలవాలె. ఎత్తు ఆడి గడియారం నొక్కినంక చెయ్యెత్తితే ఆ క్లెయిమ్ చెల్లదు. ఓడే పొజిషన్‌ల ఉన్న పిలగాడు డ్రా డ్రా అని ఊకె అడిగి విసిగిస్తే గూడ ఆర్బిటర్‌కు చెప్పొచ్చు, అది చికాకు పెట్టుడు కిందికే వస్తది. చాన ఆడపిల్లలు చెయ్యెత్తరు, అదొక్కటి మాత్రం ఇంటికాడనే చెప్పి పంపండి.

జిల్లా సెలక్షన్‌కు బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్, ఆధార్, ఈ ఏడు రెన్యువల్ చేసిన ఏఐసీఎఫ్ (అఖిల భారత చెస్ సమాఖ్య) రిజిస్ట్రేషన్ ప్రింటు పట్టుకపోండి. వయసు జనవరి ఒకటి లెక్కన చూస్తరు. రిజిస్ట్రేషన్‌ల, ఫిడే ఐడీల, బర్త్ సర్టిఫికెట్‌ల పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ ఒక్కతీరుగ ఉన్నయో లేవో ఇయ్యాల్నే చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఒకదాంట్ల ఎనుక ఉంటే జిల్లాల నడుస్తది గని స్టేట్ ఎంట్రీకాడ ఆపుతరు, దిద్దిపిచ్చుకునుటానికి దినాలు పడ్తది.